మీట ఎవరి వైపు?

ఆకాశవాణికి తిరిగి జవాబు చెప్పినవాళ్ళు మన పురాణాల్లో నాకైతే ఎవరూ గుర్తుకు రారు. భాగవతంలో దేవకీ వసుదేవుల పెళ్ళి ఊరేగింపు గుర్తు తెచ్చుకోండి. చెల్లెలి మీద ప్రేమతో కంసుడే రథం తోలుతున్నాడు. ఒంటిలేని గొంతొకటి పైనుంచి పలికింది. ఈమెకు పుట్టే ఎనిమిదో బిడ్డ చేతిలో నీకు చావుందని చెప్పింది. కంసుడు కత్తి దూశాడు, వసుదేవుడు బతిమాలాడు, బేరం కుదిరింది. మాటంతా దేవకి గర్భం గురించే. ఆ గొంతు మాత్రం దేవకితో మాట్లాడలేదు. ఆమె ఏదన్నా అడగాలనుకున్నా ఎటు తిరిగి అడగాలి? అశరీరవాణి మాట్లాడుతుంది, కిందనున్నవాళ్ళు వింటారు. దానికి నోరున్నట్టు తెలుసు గానీ చెవి ఉన్నదీ లేనిదీ ఎవరికీ తెలియదు.

మన రేడియోకి ఈ పేరు పెట్టినవాళ్ళు ఇంత దూరం ఆలోచించి ఉండరు. 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది, 1957 నుంచి దాని పక్కనే ఆకాశవాణి అనీ అన్నారు, 2023లో ఇక ఆకాశవాణి అన్న పేరే వాడాలని ఆదేశం ఇచ్చారు. పేరు సంగతి అలా ఉంచితే, రేడియో పెట్టె ముందు కూర్చున్న ఇల్లాలికి అది అక్షరాలా ఆకాశవాణే. ఆమె విన్నది, ఉత్తరం రాస్తే రాసింది, లేకపోతే లేదు. దీని గురించి మనలో చాలామంది రాశారు. స్త్రీల కార్యక్రమాల్లో వంటలూ పిల్లల పెంపకమూ తప్ప ఇంకేముండేవి అని అడిగారు. నాటకాల్లో ఆడపాత్రలు ఎలా ఏడ్చేవో లెక్కలు కట్టారు. నా డాక్టరేట్ కూడా రేడియో నాటకాల్లో స్త్రీ పాత్రల మీదే కాబట్టి ఆ లెక్కల్లో కొన్ని నావీ ఉన్నాయి.

ఇక్కడ నేను మాట్లాడదలచుకున్నది పెట్టె ఇవతలి స్త్రీ గురించి కాదు. పెట్టెలోంచి మాట్లాడే స్త్రీ గురించి. వినేవాళ్ళకు ఆమె ఆకాశవాణి. కానీ ఆమెకు పైన ఇంకో ఆకాశవాణి ఉంది. అది స్టూడియో గోడకి బిగించిన చిన్న స్పీకరులోంచో, చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లోంచో పలుకుతుంది. "ఇంకోసారి చదవండి", "కాస్త దగ్గరకు జరగండి", "గొంతు తగ్గించండి", "ఆపండి." దాన్ని రేడియోవాళ్ళు టాక్‌బాక్ అంటారు. పేరులో తిరుగుమాట ఉంది. పరికరంలో మాత్రం చాలా చోట్ల అది ఉండదు.

స్టూడియో చూడనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. రేడియో కేంద్రంలో మాట్లాడే గదీ, ఆ మాటను అందుకుని సరిచేసి పంపే గదీ వేరు వేరు. మధ్యలో మందపాటి గాజు కిటికీ. ఒక్క గాజు పలక చాలదు. రెండు పలకలు, కొన్నిచోట్ల మూడు, మధ్యలో ఖాళీ వదిలి బిగిస్తారు. ఒకదాన్ని కాస్త వాలుగా పెడతారు, శబ్దం గాజుకు తగిలి తిన్నగా మైకులోకి తిరిగి రాకుండా. తలుపులు కూడా రెండేసి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. ఇంత కష్టపడి ఒక గది మాట రెండో గదికి వినపడకుండా చేశాక, ఇప్పుడు ఆ రెండు గదులూ మాట్లాడుకోవాలి. దానికే ఇంటర్‌కమ్. కంట్రోల్ రూంలో ఒక మైకు, ఒక మీట. మీట నొక్కి మాట్లాడితే స్టూడియోలో వినిపిస్తుంది. వదిలేస్తే ఆగిపోతుంది. స్టూడియోలో మైకు ప్రసారంలో ఉన్నంతసేపూ ఆ స్పీకరు దానంతట అదే మూగబోవాలి. లేకపోతే పెద్దాయన గద్దింపు ఊరంతా వింటుంది. అందుకు లోపల ఒక రిలే ఉంటుంది. మైకు తెరుచుకోగానే స్పీకరు తీగ తెగుతుంది, అప్పుడు మాట హెడ్‌ఫోన్‌లోకి మాత్రమే వెళ్తుంది.

మరి స్టూడియోలో మనిషి అవతలివాళ్ళతో ఏమన్నా చెప్పాలంటే? అక్కర్లేదంటారు. ఆమె ముందు మైకు ఉంది కదా, అది ఎప్పుడూ కంట్రోల్ రూంకి వినిపిస్తూనే ఉంటుంది కదా! సాంకేతికంగా ఇది నిజమే. ఈ 'నిజమే' దగ్గరే నా పేచీ.

ఈ ఏర్పాటు మన దగ్గర పుట్టింది కాదు. బీబీసీ 1923లో లండన్ సవాయ్ హిల్‌లో స్టూడియోలు తెరిచినప్పుడు గదులు చిన్నవి, గోడలకి మందపాటి తెరలు. నాటకమంటే పాత్రధారులూ వాద్యకారులూ చప్పుళ్ళు చేసేవాళ్ళూ ఒకరినొకరు తోసుకుంటూ ఒకే గదిలో నిలబడాలి. 1928 ప్రాంతంలో 'డ్రమాటిక్ కంట్రోల్ పానెల్' వచ్చింది. ఒక్కో గుంపునూ ఒక్కో స్టూడియోలో పెట్టి, నిర్మాత వేరే గదిలో ఒక బల్ల ముందు కూర్చుని, మీటలు తిప్పుతూ ఆ శబ్దాలన్నిటినీ కలిపేవాడు. అదే ఏడాది లాన్స్ సీవ్‌కింగ్ చేసిన 'కలైడోస్కోప్' దీని సత్తా చూపించిన ప్రసిద్ధ ప్రయోగం. 1932లో బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ ఇరవై రెండు స్టూడియోలతో మొదలయ్యేసరికి ఈ పద్ధతి స్థిరపడింది. నిర్మాత ఒక అంతస్తులో, నటులు ఇంకో అంతస్తులో. నటికి నిర్మాత కనపడడు. ఎదురుగా పచ్చదీపం వెలిగితే మాట అందుకోవాలి. రిహార్సల్లో ఆయన గొంతు స్పీకరులోంచి వస్తుంది. వీళ్ళ మాటలు ఆయనకు మైకుల్లోంచి వెళ్తాయి.

సాహిత్య విద్యార్థిగా నాకు ఇది ఆసక్తి. రంగస్థలం మీద దర్శకుడు నటి పక్కకి వచ్చి నిలబడి చెప్పాలి. ఆమె ముఖం చూస్తూ చెప్పాలి. ఆమె కళ్ళెర్రజేస్తే అతనికి తెలుస్తుంది. రేడియోలో దర్శకుడు శరీరం పోగొట్టుకుని గొంతు మాత్రం మిగుల్చుకున్నాడు. నాటకం మీద అంత అధికారం అంతకుముందు ఏ దర్శకుడికీ లేదు. ఒక్కో గొంతునీ చేత్తో పెంచడం, తగ్గించడం, పూర్తిగా మాయం చేయడం.

ఈ పద్ధతులు ఇక్కడికి మనుషులతో సహా వచ్చాయి. 1935లో బీబీసీ నుంచి లయనెల్ ఫీల్డెన్ మన దేశానికి మొదటి ప్రసార నియంత్రణాధికారిగా వచ్చాడు. మరుసటి ఏడు ముఖ్య ఇంజనీరుగా గోయ్‌డర్ వచ్చాడు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలై తెలుగు మాట గాలిలోకి వెళ్ళింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. నిజాం కాలపు హైదరాబాదు రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. కేంద్రాలు ఎన్ని వచ్చినా లోపలి పటం ఒకటే. ఒక గదిలో గొంతు, రెండో గదిలో చేతులు. ఉద్యోగాల వ్యవస్థ కూడా ఈ గోడ వెంబడే చీలింది. కార్యక్రమ విభాగం ఒకటి, ఇంజనీరింగ్ విభాగం ఒకటి. ఆడవాళ్ళకి తలుపు తెరుచుకున్నది ఎక్కువగా మొదటి వైపే.

అదైనా తేలిగ్గా తెరుచుకోలేదు. బీబీసీ 1933లో షీలా బారెట్ అనే ఆవిడని అనౌన్సరుగా పెట్టి, ఫిర్యాదులు వచ్చాయని కొద్ది నెలలకే తప్పించింది. అమెరికాలో ఇరవైల దశకం అంతా ఆడగొంతు రేడియోకి పనికొస్తుందా రాదా అని పత్రికల్లో వాదించుకున్నారు. 1927లో బెల్ లాబరేటరీస్ పరిశోధకుడు స్టైన్‌బర్గ్ ప్రయోగాలు చేసి, ఆ పరికరాల్లో స్త్రీల మాట మగవాళ్ళ మాటంత తేటగా వినపడకపోవడానికి కారణాలు వెతికాడు. ఆడగొంతులో స, ష, ఫ లాంటి ధ్వనుల బలం ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర ఉంటుంది. అప్పటి తీగలూ మైకులూ ఆ పై భాగాన్ని కోసేస్తాయి. టెలిఫోన్ తీగ మొన్న మొన్నటి దాకా సెకనుకి మూడు వందల నుంచి మూడు వేల నాలుగు వందల ఆవర్తనాల మధ్య ఉన్నదాన్నే మోసింది. కోసింది పరికరం, లోపం అంటగట్టింది గొంతుకి. దీనికి విరుగుడుగా ఆడవాళ్ళు మెత్తగా మాట్లాడాలన్న ఉపదేశం కూడా ఆ శాస్త్రం నుంచే వచ్చింది. మా అమ్మమ్మ ఏ ప్రయోగశాలా లేకుండానే మాకు ఇదే చెప్పేది.

విచిత్రమేమంటే, గొంతు పనికిరాదన్న అదే లోకం టెలిఫోన్ ఎక్స్ఛేంజిని ఆడవాళ్ళతో నింపింది. 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ ఆపరేటరుగా చేరింది. అంతకుముందు ఆ పని కుర్రాళ్ళు చేసేవారు. వాళ్ళు వినియోగదారుల మీద నోరు పారేసుకుంటున్నారని మాన్పించి ఆడపిల్లల్ని పెట్టారు. ఇద్దరు మాట్లాడుకోవడానికి మధ్యలో తీగ కలిపే గొంతుగా స్త్రీ కావాలి. తన మాట తాను చెప్పే గొంతుగా వద్దు. ఆఫీసుల్లో ఇంటర్‌కమ్ వచ్చినప్పుడూ అంతే. దొర బల్ల మీద మీట, సెక్రటరీ బల్ల మీద గంట. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఆ గంట మోగితే ఎవరు లేచి నిలబడేవారో చెప్పక్కర్లేదు.

యుద్ధం వచ్చినప్పుడు మాత్రం మీటలు కాస్త చేతులు మారాయి. మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతుంటే బీబీసీ కంట్రోల్ రూముల్లోకి స్త్రీలని తీసుకుంది. 1943లో చేరిన డాఫ్నీ ఓరం లండన్ ఆల్బర్ట్ హాల్ కచేరీల్లో శబ్ద సమతౌల్యం చూసేది. ఆ పిల్లకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. అవతల వాద్యబృందం వాయిస్తుంటే ఇవతల అదే సంగీతం గ్రామఫోను రికార్డు మీద సమానంగా నడుపుతూ కూర్చోవాలి. బాంబుదాడి జరిగి కచేరీ ఆగితే వెంటనే రికార్డుకి మారిపోవాలి, శ్రోతకు తేడా తెలియకూడదు. 1958లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ స్థాపించినవాళ్ళలో ఆమె ఒకరు. మరుసటి ఏడే బయటికి వచ్చేసి సొంత స్టూడియో పెట్టుకుంది. ఎందుకు వచ్చేసిందన్న దానికి నా దగ్గర ఒక స్త్రీవాద కథనం సిద్ధంగా ఉంది గానీ, అంత సులువుగా అతికించడం నాకు ఇష్టం లేదు.

అదే యుద్ధకాలంలో బీబీసీ తూర్పు విభాగంలో జార్జ్ ఆర్వెల్ నడిపిన 'వాయిస్' అనే సాహిత్య కార్యక్రమపు ఫోటో ఒకటి చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. 1942 నాటిది. బల్ల మీద ఒక మైకు, చుట్టూ టి. ఎస్. ఎలియట్, ముల్క్ రాజ్ ఆనంద్, విలియం ఎంప్సన్, జమైకా కవయిత్రి ఊనా మార్సన్, మరాఠీ ఆడపడుచు వేణు చితళే, తరువాతి రోజుల్లో ఆకాశవాణి డైరెక్టర్ జనరల్ అయిన నారాయణ మీనన్. ఎంత అందమైన ప్రజాస్వామ్యం అనిపిస్తుంది. ఎలియట్ మైకూ ఊనా మైకూ ఒకటే. అద్దానికి అవతల ఎవరున్నారో ఫోటోలో లేదు. స్టూడియో ఫోటోలన్నీ ఇంతే. మాట్లాడేవాళ్ళని తీస్తారు.

తెలుగు రేడియో నాటకం అనగానే నాకు ముందుగా వినిపించేది శారదా శ్రీనివాసన్ గొంతు. హైదరాబాదు కేంద్రంలో దశాబ్దాల పాటు నాటక కళాకారిణి. చలం 'పురూరవ'లో ఊర్వశి ఆవిడే. ఆ నాటకం విన్నవాళ్ళెవరూ ఊర్వశికి ఇంకో గొంతుని ఊహించుకోలేరు. పురూరవుడిని ప్రశ్నల మీద ప్రశ్నలతో నిలదీసే స్త్రీని ఆ గొంతు మోసింది. ఆ స్త్రీని పలికించింది ఒక ఉద్యోగిని అన్న సంగతి మనం మరిచిపోతాం. నాటక కళాకారులూ అనౌన్సర్లూ వాద్యకారులూ చాలాకాలం 'స్టాఫ్ ఆర్టిస్టు'లు. అంటే ఒప్పందం మీద పనిచేసేవాళ్ళు. ఒప్పందం పొడిగిస్తూ పోవాలి. 1980ల్లో గానీ వాళ్ళకి ప్రభుత్వ ఉద్యోగుల హోదా స్థిరపడలేదు. ఊర్వశిగా స్వర్గాన్నీ భూమినీ ఆజ్ఞాపించిన గొంతు పచ్చదీపం కోసం ఎదురు చూడాలి. ఇది ఆవిడ ఫిర్యాదు కాదు. ఆవిడ తన జ్ఞాపకాలను పుస్తకంగా రాశారు, రేడియో మీద ప్రేమతో రాశారు. ఈ మాట నాది.

పిల్లల కార్యక్రమాల్లో న్యాయపతి కామేశ్వరి గారు, ఆ తరువాత తురగా జానకీరాణి గారు 'అక్కయ్య'లయ్యారు. అక్కయ్య అన్న పిలుపు మీద చర్చించాల్సింది చాలా ఉంది గానీ ఇప్పుడు కాదు. నిర్మాతలుగా స్త్రీలు వచ్చాక అద్దానికి అవతల కూడా స్త్రీ కూర్చుంది. టాక్‌బాక్ మీట స్త్రీ చేతికి వచ్చింది. మీట మాత్రం ఉన్న వైపే ఉంది.

ఇక స్టూడియోలో ఉన్నవాళ్ళు ఏం చేసేవారు? చేతులతో మాట్లాడేవారు. అమెరికా రేడియోలో ఈ సైగలు ఒక భాషగా ఎదిగి పాఠ్యపుస్తకాల్లో బొమ్మలతో సహా ఎక్కాయి. వేలు మెడకి అడ్డంగా లాగితే ఆపెయ్యమని. కనపడని రబ్బరుని రెండు చేతులతో సాగదీస్తే ఇంకాస్త పొడిగించమని. వేలితో గాలిలో సున్నాలు చుడితే వేగం పెంచమని. ముక్కు మీద వేలు పెడితే అంతా సమయానికి నడుస్తోందని. (మన దగ్గర ముక్కున వేలేసుకుంటే అర్థం వేరు. ఆ సైగ ఇక్కడికి రాకపోవడమే మంచిదైంది.) కానీ గమనించండి, ఈ సైగల్లో ఎక్కువ భాగం కంట్రోల్ రూం నుంచి స్టూడియోకి వెళ్ళే ఆజ్ఞలే. అటు నుంచి ఇటు వచ్చే సైగ పనిచెయ్యాలంటే ఇవతలివాళ్ళు తలెత్తి చూడాలి.

నాకు బాగా నచ్చిన పరికరం ఒకటుంది. దాన్ని దగ్గు మీట అంటారు. అనౌన్సరు చేతికి అందే చోట చిన్న మీట. దగ్గో తుమ్మో వచ్చినప్పుడు నొక్కితే నొక్కినంతసేపూ ఆమె మైకు ఆగిపోతుంది. స్టూడియోలో గొంతున్న మనిషికి ఇచ్చిన ఒకే ఒక అధికారం, తన గొంతుని తానే ఆపుకునే అధికారం! మొదటిసారి దీని గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది. తరువాత ఆలోచిస్తే అది చిన్న విషయం కాదనిపించింది. మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి నీ మాట మాకు వినిపిస్తూనే ఉంటుంది అనే ఏర్పాటులో, వినపడకుండా ఉండే హక్కు అది. కంట్రోల్ రూంలో ఎవరు ఎప్పుడు ఫేడరు పైకి జరిపి వింటున్నారో స్టూడియోలో తెలియదు. ప్రసారం మొదలుకాక ముందు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ పక్కావిడతో అనుకున్న మాట కూడా అవతల వినిపించవచ్చు. ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలికి ఇది కొత్తేమీ కాదు. ఆమె మాట ఇల్లంతా వింటుంది. ఆమె పిలిస్తే ఎవరూ పలకరు.

ఈ మధ్యకాలపు స్టూడియోల్లో దగ్గు మీట పక్కనే రెండో మీట వచ్చింది. దాన్ని నొక్కితే ఆమె మైకు ప్రసారం నుంచి తెగి, ఆమె మాట నేరుగా కంట్రోల్ రూం స్పీకరుకి వెళ్తుంది. ఒకే కదలికలో శ్రోతకి మౌనం, సహోద్యోగికి మాట. నా దృష్టిలో రేడియో స్టూడియో చరిత్రలో ఇది కండెన్సర్ మైకు కంటే పెద్ద మార్పు.

మన నేల మీద ఈ గోడని వేరే రకంగా దాటినవాళ్ళున్నారు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తరువాత కూడా విద్యాసంస్థలకి అనుమతి ఇవ్వడానికి 2002 దాకా, స్వచ్ఛంద సంస్థలకి 2006 దాకా పట్టింది. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు ఈ లోపే యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకుని, లైసెన్సు లేని ఆ పదేళ్ళూ కార్యక్రమాలు రికార్డు చేసి కాసెట్లు సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. రికార్డు చేసేదీ, కోసి అతికేదీ, ప్రసారం చేసేదీ వాళ్ళే. అద్దానికి ఒక వైపు ఒక నర్సమ్మ, రెండో వైపు ఇంకో నర్సమ్మ కూర్చోగల స్టూడియో అది. అక్కడ మీట ఎటువైపు ఉందన్న ప్రశ్నకి అంత బరువుండదు. ఇద్దరిదీ ఒకే పొలం, ఒకే యాస, ఒకే సంఘం.

అందుకే పరికరమే అన్నిటికీ కారణమని నేను అనడం లేదు. కానీ అందరికీ అలాంటి సంఘం ఉండదు. ఉన్న చోట్ల కాకుండా లేని చోట్ల పరికరం లెక్కలోకి వస్తుంది.

ఒక మహిళా కళాశాల ప్రాంగణ రేడియోలో పాత నాటకాల మీద ఒక ధారావాహిక చెయ్యడానికి నేను కొన్ని నెలలు వెళ్ళాను. చిన్న కేంద్రం. ఇలాంటి కేంద్రాలకి అనుమతించే శక్తి మామూలుగా వంద వాట్లకి మించదు. మాట్లాడేది డిగ్రీ అమ్మాయిలు, కంట్రోల్ రూంలో ఒక సాంకేతిక సహాయకుడు. కంట్రోల్ నుంచి స్టూడియోకి మీట, స్పీకరు ఉన్నాయి. ఒక సాయంత్రం నెలసరి ఆరోగ్యం మీద ప్రత్యక్ష ప్రసారం. డాక్టరమ్మ స్టూడియోలో ఉన్నారు, శ్రోతలు ఫోన్లు చేస్తున్నారు. రెండో సంవత్సరం అమ్మాయి నడుపుతోంది. నాలుగో ఫోను ఒక మగగొంతు. మొదటి వాక్యం మర్యాదగానే ఉంది. రెండో వాక్యంలో ఆ అమ్మాయి చెయ్యి గాలిలోకి లేచింది. మెడ మీద వేలు అడ్డంగా లాగింది, ఒకసారి కాదు, మూడుసార్లు. అవతల సహాయకుడు కంప్యూటర్ తెర మీద తరువాతి పాట వెతుకుతున్నాడు. ప్రసారాన్ని కొన్ని సెకన్లు వెనక నడిపే యంత్రం లాంటివి అక్కడ లేవు. ఫోను గీత తెంచే మీట కంట్రోల్ రూంలోనే ఉంది. ఆ అమ్మాయి ముందు రెండు దారులున్నాయి. మైకులోనే "కట్ చెయ్యండి" అని అరవాలి, లేదా అతని మాట మీద తన మాట ఎక్కించాలి. రెండోది చేసింది. "డాక్టరు గారూ, ఇందాక మీరు చెప్పిన రక్తహీనత గురించి ఇంకోసారి" అని గట్టిగా మొదలుపెట్టింది. పన్నెండో పదమూడో సెకన్లు. తరువాత అందరూ ఆమె సమయస్ఫూర్తిని మెచ్చుకున్నారు. ఆమె బయటికి వచ్చి, "నాకు మెప్పు కాదు మేడం, మీట కావాలి" అంది.

కమిటీలో చర్చ జరిగింది. పరికరాలు సరఫరా చేసేవారి మనిషి మర్యాదస్తుడే. "మీ మైకు మాకు ఎప్పుడూ వినిపిస్తుంది కదమ్మా, రెండు వైపులా లైను ఎందుకు" అన్నాడు. వినిపిస్తుంది, పిలవడం కుదరదు అని అమ్మాయిలు చెప్పారు. ఇంకొకరు, ఆ సహాయకుణ్ణి జాగ్రత్తగా చూడమంటే సరిపోతుందన్నారు. ఒక మనిషి చూపు మీద ఆధారపడే భద్రత ఎలాంటిదో ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళెవరికీ వివరించాల్సిన పని లేకపోయింది. డబ్బు మంజూరైంది.

బిగించిన రెండు రోజులూ నేను అక్కడే ఉన్నాను. నోట్‌బుక్‌లో రాసుకున్నవి రాస్తాను. ఎందుకంటే ఇలాంటి వివరాలు మన వ్యాసాల్లోకి రావు. అది రెండు తీగల పార్టీలైను పద్ధతి. ఒకే గీత మీద అందరూ మాట్లాడొచ్చు, అందరూ వినొచ్చు. మైకు తీగ లాంటిదే మూడు కాళ్ళ కనెక్టరుతో వస్తుంది. ఒకటో కాలు కవచానికి, రెండోది ముప్పై వోల్టుల కరెంటుకి, మూడోది మాటకి. కరెంటు ప్రధాన పెట్టె నుంచే వెళ్తుంది కాబట్టి స్టూడియోలో వేరే ప్లగ్గు అక్కర్లేదు. గీత మొత్తం మీద ఒక్క చోటే రెండు వందల ఓముల ముగింపు ఉండాలి. రెండు చోట్ల పెడితే గొంతులు పీలగా పోతాయి, ఎక్కడా పెట్టకపోతే గీత కూత పెడుతుంది. మొదటిరోజు అది కూత పెట్టింది. ఇద్దరు అమ్మాయిలు పెట్టె వెనక చిన్న స్విచ్చులు వెతికి కూత మాన్పించారు.

తీగ వెళ్ళే దారి గురించి సగం రోజు పోయింది. మైకు తీగలున్న గొట్టంలోంచే లాగితే పని తేలిక. కానీ మైకు నుంచి వచ్చే విద్యుత్తు వోల్టులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. పక్కనే ఇంటర్‌కమ్ తీగ ఉంటే, రహస్యంగా అన్న మాట పలచగా ప్రసారంలోకి జారుతుంది. అందుకని వేరే గొట్టం వేశారు. గోడకి కన్నం చేస్తే శబ్దం ఆ కన్నంలోంచి దారి చేసుకుంటుంది. దూది లాంటి ఖనిజపు ఉన్ని కుక్కి పైన మెత్తటి లప్పం పూశారు. కనెక్టరు పైతొడుగుని కవచపు తీగకి కలపకూడదట. కలిపితే నేల రెండు దారుల్లో అంది, యాభై ఆవర్తనాల గుయ్యిమనే రొద మొదలవుతుంది. ఇవన్నీ ఆ మర్యాదస్తుడు ఓపిగ్గా చెప్పాడు. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారు, అడగనివ్వాలి అంతే.

సైడ్‌టోన్ అని ఒకటుంది. మనం మాట్లాడినప్పుడు మన గొంతు మన చెవిలోనే ఎంత వినపడాలో దాన్ని ఒక మరతో సరిచేస్తారు. ఎక్కువైతే మనిషి గొంతు తగ్గించేస్తుంది. పూర్తిగా లేకపోతే గీత చచ్చిందేమో అనుకుని అరుస్తుంది. అమ్మాయిలు ఒక్కొక్కరూ హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడి చూసుకున్నారు. ముగ్గురిలో ఇద్దరు తమ గొంతుని బాగా తగ్గించి పెట్టుకోవాలన్నారు. మూడో అమ్మాయి, అంటే ఆ రోజు కార్యక్రమం నడిపిన పిల్ల, పెంచమంది. పార్టీలైనులో ఎవరి పెట్టెకి వాళ్ళ మర ఉంటుంది కాబట్టి దాని మీద కమిటీ నిర్ణయం అవసరం కాలేదు.

హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టినప్పుడు పిలవడానికి దీపం ఉంది. స్టూడియోలో మీట నొక్కితే కంట్రోల్ రూంలో ఎర్రదీపం మినుకుమంటుంది. దాన్ని ఎక్కడ బిగించాలన్నది చివరి తగవు. ప్రధాన పెట్టె బల్ల కింద అరలో ఉంది, దీపం దానికే ఉంది. అక్కడుంటే కనపడదు. దీపానికి వేరే తీగ లాగి కంప్యూటర్ తెర పైఅంచున, పాటలు వెతికే మనిషి కంటికి అడ్డంగా అంటించారు. ఫోను గీతను తెంచే మీటకి కూడా స్టూడియోలో ఇంకో జత పెట్టారు. అది నిజానికి ఇంటర్‌కమ్ లెక్కలోకి రాదు, బిల్లులో మాత్రం అందులోనే రాశారు.

మొదటి వారం ఆ దీపం ఎక్కువసార్లు వెలిగింది ఫ్యాను తగ్గించమనీ, మంచినీళ్ళు పంపమనీ, ఇంకెన్ని నిమిషాలుందో చెప్పమనీ. సహాయకుడు కొంచెం విసుక్కున్నాడు, తరువాత తనే పిలిచి "రెండు నిమిషాలుంది" అని చెప్పడం మొదలుపెట్టాడు. ట్రాన్స్‌మిటర్ గది మేడ మీద ఉంది. దానికి ఇంకా లైను వెయ్యలేదు, కేబులు ఇరవై మీటర్లు తక్కువపడింది. అప్పటిదాకా అక్కడికి ఎవరో ఒకరు మెట్లెక్కి వెళ్ళి చెప్పి రావాలి.